నందివర్ధనం పాలు

తాళాలు బాగుచేసే ఆయన వేళ్ళు ఎప్పుడూ నూనె మరకలతో నల్లగా ఉండేవి. మెట్ల పక్కన తొట్టిలో పెరిగే నందివర్ధనాన్ని ముట్టుకునే ముందు మాత్రం వాటిని సబ్బుతో రెండుసార్లు రుద్దుకునేవాడు. ఆకుల వెనక చేరిన తెల్లపురుగును పాత పళ్ళ బ్రష్షుతో ఓపిగ్గా దులిపేవాడు. భార్య పగలంతా చొక్కాలకు కాజాలు కుట్టి, సాయంత్రానికి కళ్ళు మండుతున్నాయంటూ నడుం వాల్చేది. అప్పుడు రెండు పూలు కోసి, తొడిమల్లోంచి కారే పాలను చొక్కా అంచుతో తుడిచి, ఆమె రెప్పల మీద పెట్టేవాడు. "కాసేపు నా మొహం చూసే బాధ తప్పింది, పడుకో" అనేవాడు. ఆమె నవ్వితే పూలు జారిపోయేవి. మళ్ళీ సర్దేవాడు. ఇరవై ఏళ్ళుగా ఇదే వరస.

మొన్న ఆమె చేతిలో సూది ఉండగానే ఒరిగిపోయింది. శ్మశానానికి తీసుకెళ్ళే బండి వాకిట్లోకి వచ్చాక ఆయన లేచి వెళ్ళి రెండు పూలు కోసుకొచ్చాడు. ఆమె తల దగ్గర కూర్చుని తొడిమలను చొక్కా అంచుతో అద్దుతూనే ఉన్నాడు.

"ఇంకా ఎంతసేపు తుడుస్తావయ్యా, పెట్టెయ్" అంది వదిన మెల్లగా.

ఆయన తలెత్తలేదు.

"పాలింకా కారుతున్నాయి వదినా. కళ్ళల్లో పడితే మండుతుంది దానికి."