నాలుగో మలుపు దగ్గర నాలుగడుగులు

మధ్యాహ్నం మూడున్నరకు వెర్నా లిండ్నర్ కుడికాలి బూటు విప్పి, మేజోడు అందులో కుక్కి, కార్ల పందేల మట్టి ట్రాక్ మీద రెండో మలుపు దగ్గర మడమ పెట్టి గట్టిగా ఒత్తింది. పొద్దున పదింటికి అదే చోట మడమ అంగుళం లోతు దిగింది. ఇప్పుడు గచ్చు మీద నిలబడ్డట్టుంది. నాలుగడుగులు పైకి, బయటి కంచె వైపు నడిచింది. అక్కడ వేళ్ళ సందుల్లోంచి పిండిలా దుమ్ము లేచింది.

తెల్లవారినప్పటినుంచీ ఉత్తరపు గాలి ఆగలేదు. నాలుగు రోజులపాటు ఆమె ఆ బంకమట్టికి పట్టిన నీళ్ళన్నీ, ఆరు తొలి పోటీలు పూర్తయ్యేసరికి ఆ గాలి తాగేసింది. లోపలి అంచు వెంబడి మాత్రం టైర్ల రబ్బరు అంటుకుని, కారు వెడల్పున నల్లటి పట్టీ ఏర్పడింది. పట్టు ఉన్నదల్లా దాని మీదే. దాన్ని వదిలి పక్కకు వెళితే చక్రాలు పొడిమట్టిలో ఊరికే తిరుగుతాయి. అందుకని అందరూ ఒకరి వెనక ఒకరు ఆ పట్టీ మీదే పోతారు. ముందు బయల్దేరినవాళ్ళే ముందు చేరతారు. వెర్నా దృష్టిలో అది పోటీ కాదు, ఊరేగింపు.

కాసేపట్లో జరగబోయే ఆఖరి పోటీలో, ముందు వరసలో లోపలివైపు నిలబడే కారు ఆమె కూతురు టెగన్‌ది.

కూరాబిన్ క్లబ్బు నుంచి రాష్ట్ర పోటీకి ఏటా ఒక్కరే వెళతారు, ఈ ఆఖరి పోటీ గెలిచినవాళ్ళు. టెగన్ పద్నాలుగేళ్ళుగా ప్రయత్నిస్తోంది. రెండుసార్లు మూడో స్థానం, ఒకసారి రెండోది. ఆ పాత ఇంజను ఈ సీజను దాటదని ఆమెకూ తెలుసు, తల్లికీ తెలుసు. ముప్పై చుట్లు నల్లపట్టీ వదలకుండా నడిపితే చాలు. వెర్నా నోరు విప్పకుండా ఉంటే చాలు.

నీళ్ళు పడితే పై అంచునా పట్టు దొరుకుతుంది, వెనకవాళ్ళు దాటొచ్చు. ఆఖరి పోటీకి ముందు మళ్ళీ పట్టాలా వద్దా అన్నది ట్రాక్ చూసే మనిషే, అంటే వెర్నాయే, చెప్పాలి. ఆ మాటకు పోటీలు నడిపించే స్టివార్డు కూడా అడ్డురాడు.

వెర్నాకి అరవై నాలుగేళ్ళు. పందొమ్మిదో ఏట కౌన్సిల్లో రోడ్లు చదునుచేసే గ్రేడరు నడపడానికి చేరింది. అప్పటికి ఆ జిల్లాలో గ్రేడరెక్కిన ఆడమనిషి లేదు. మొదటి నెలంతా మగవాళ్ళు ఆమె సీటు మీద అల్లికల పుస్తకాలు పెట్టి నవ్వుకునేవారు. ఆమె వాటిని జాగ్రత్తగా దాచింది. వానాకాలంలో వాళ్ళ ట్రక్కు బురదలో దిగబడితే గ్రేడరుతో బయటికి లాగి, తలా ఒక పుస్తకం తిరిగిచ్చింది. ముప్పై ఏళ్ళు గోధుమ పొలాల మధ్య మట్టిరోడ్లు వేసింది. బోరునీళ్ళలోని ఉప్పు చెమ్మను పట్టి ఉంచుతుందనీ, మోతాదు మించితే సబ్బులా జారే పొర కడుతుందనీ అక్కడే నేర్చుకుంది. అయినా ట్రాక్ పని చేపట్టిన రెండో ఏడు నీళ్ళు ఎక్కువ పోసింది. మొదటి మలుపులోనే ఆరు కార్లు కంచెను గుద్దుకున్నాయి. ఒకతని భుజమెముక విరిగింది. అప్పటినుంచి ఆమె నమ్మేది మడమ ఒక్కదాన్నే.

"ఏమంటావ్ వెర్నా?" స్టివార్డు లయల్ రేడియో చేత్తో పట్టుకుని కంచె దగ్గరికొచ్చాడు. "నాలుగింటికి జెండా ఊపాలి."

కంచెకి చేరబడి సాసేజి తింటున్న డేల్ ట్రెజెన్జా గట్టిగా నవ్వాడు. అతని నారింజరంగు కారు అయిదో స్థానంలో బయల్దేరుతుంది. అక్కడున్న ఇంజన్లన్నిటిలోకీ బలమైంది అతనిదే.

"అడగడమెందుకు లయల్? కూతురు ముందున్న రోజు నీళ్ళ ట్యాంకరుకి సుస్తీ చేస్తుంది!"

చుట్టూ ఉన్న నలుగురూ నవ్వారు.

"ముందు గడ్డం తుడుచుకో డేల్," అంది వెర్నా. "సాసు కారుతోంది. ఆ గడ్డంతో ఫోటో తీయించుకుంటావా?"

ఈసారి నవ్వు ఇంకా పెద్దగా వచ్చింది. వెర్నా మాత్రం నవ్వలేదు. హెల్మెట్ చంకన పెట్టుకుని టెగన్ వస్తోంది.

"అమ్మా."

"ఏంటి?"

"గాలి చూశావా? పోసిన నీళ్ళు పది నిమిషాల్లో ఆరిపోతాయ్. దండగ."

"పై అంచున ఆరవు. కంచె నీడ పడుతోందక్కడ."

టెగన్ హెల్మెట్ పట్టీని వేలికి చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టింది. "నిన్ను నేనెప్పుడైనా ఏమైనా అడిగానా?"

"లేదు."

"ఇప్పుడూ అడగట్లేదు."

అని వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

వెర్నా బూటు చేత్తో పట్టుకుని అలాగే నిలబడింది. గాలి ఎక్కువుందని చెప్పొచ్చు. టైము లేదని చెప్పొచ్చు. రెండూ నిజాలే. లయల్ తల ఊపి వెళ్ళిపోతాడు. కానీ ఆ ముందు వరసలో ఉన్నది ఇంకెవరి పిల్లయినా అయితే, తను ఈపాటికి ట్యాంకరు ఎక్కేసి ఉండేది. అది తలుచుకున్నాక ఇంక ఆలోచించడానికేమీ మిగల్లేదు.

"పై సగానికి నీళ్ళు, లయల్. రెండు చుట్లు. తర్వాత పాత బళ్ళు తిప్పి మట్టి అణచాలి. ఇరవై అయిదు నిమిషాలు."

లయల్ ఆమె మొహంలోకి ఒక్క క్షణం చూసి, రేడియోలో ఆ మాటే చెప్పాడు. కంచె చుట్టూ కార్లలో కూర్చున్న జనం విసుగ్గా హారన్లు మోగించారు. ట్రెజెన్జా సాసేజి నమలడం ఆపాడు.

ట్యాంకరు నెమ్మదిగా, నడిచే మనిషి వేగంతో పోవాలి. అప్పుడే నీళ్ళు సమంగా పడతాయి. వెర్నా మొదటి మలుపు, రెండోది, మూడోది అలాగే దాటింది. నాలుగో మలుపు చివర గేటు దగ్గర టెగన్ చేతులు కట్టుకుని ఇటే చూస్తూ నిలబడి ఉంది. వెర్నా కాలు తనకు తెలియకుండానే యాక్సిలరేటర్‌ని నొక్కింది. అవతలి అద్దంలోకి చూస్తూ దాటేసింది. రెండో చుట్టులోనూ అంతే.

తర్వాత పాత ట్రక్కులు అయిదు వరసగా తిరిగి తడిమట్టిని అణిచాయి. టైర్లకి బురద అంటడం మానేశాక వెర్నా రెండో మలుపు పై అంచున మళ్ళీ మడమ పెట్టి చూసింది. గోరు మందాన దిగింది. చాలు.

పచ్చజెండా ఊగింది. టెగన్ నల్లపట్టీ పట్టుకుని ముందుకు దూసుకుపోయింది. ఎనిమిది చుట్లు అందరూ ఆమె వెనకే. తొమ్మిదో చుట్టులో నారింజ కారు పైకి, తడిమట్టి మీదికి వెళ్ళింది. ఇంజను గొంతు మారింది, పట్టు దొరికింది. నాలుగో స్థానం, మూడు, రెండు. పందొమ్మిదో చుట్టులో ట్రెజెన్జా టెగన్‌ని బయటివైపు నుంచి దాటేశాడు.

వెర్నా రెండు చేతులూ కంచె అంచు మీద బిగుసుకున్నాయి.

అప్పుడు టెగన్ కూడా నల్లపట్టీ వదిలేసింది. పై అంచుకెళ్ళి, కంచెకి జానెడు దూరంలో కారుని ఒరగేసి నడిపింది. ఇరవై రెండో చుట్టులో తిరిగి ముందుకొచ్చింది. అతను కిందికి దూరాడు. ఆమె పైన. అతను పైకొస్తే ఆమె కింద. జనం కార్ల మీదికెక్కి నిలబడ్డారు. ఏం అరుస్తున్నారో ఎవరికీ వినబడటంలేదు. ఆఖరి చుట్టు మూడో మలుపులో టెగన్ పైన, సగం కారు ముందుంది. ట్రెజెన్జా కింద నల్లపట్టీ మీద. నాలుగో మలుపు చివర ఆమె వెనక చక్రం కింద గుప్పెడు దుమ్ము లేచింది. కారు తోక కొద్దిగా పక్కకి జారింది, అంతే. గీత దాటేసరికి నారింజ కారు ముక్కు రెండడుగులు ముందుంది.

"పదేళ్ళలో ఇలాంటి పోటీ చూళ్ళేదు!" లయల్ ఆమె వీపు చరిచి, వెంటనే నాలిక్కరుచుకుని వెళ్ళిపోయాడు.

టెగన్ కారు దిగి తిన్నగా తల్లి దగ్గరికే వచ్చింది. మొహం నిండా ఎర్రమట్టి.

"నాలుగో మలుపు చివర నీళ్ళు పట్టలేదు నువ్వు."

"పట్టాను."

"వచ్చి చూడు."

ఇద్దరూ బూట్లు విప్పి నడిచారు. మడమ దిగింది. ఇంకో అడుగు, దిగింది. గేటుకి ఎదురుగా వచ్చేసరికి ఆగింది. సరిగ్గా నాలుగడుగుల మేర పొడినేల. ఆ తర్వాత మళ్ళీ చెమ్మ.

వెర్నా ఆ పొడినేల మీద నిలబడి గేటు వైపు చూసింది. "నువ్వక్కడ నిలబడ్డావు," అంది. "నీ మొహం చూడలేక బండి తొందరగా పోనిచ్చాను."

"రెండుసార్లూనా?"

"రెండుసార్లూ."

టెగన్ బొటనవేలితో ఆ పొడిమట్టిని గీరింది. "నేనక్కడ నిలబడింది నీ మీద కోపంతో కాదమ్మా. పైన దారి ఎలా పడుతుందో చూసుకుందామని. ఇక్కడ పల్చగా పడిందని ట్యాంకరు మొదటి చుట్టులోనే కనబడింది. పోటీలో ఇరవై తొమ్మిది చుట్లు ఈ చోటు తప్పించుకున్నా. ఆఖర్న వాడు చోటివ్వలేదు."

"మరి అరవలేదేం? ఒక్క కేకేస్తే ఆపి పట్టేదాన్ని కదా!"

"ఏమని అరవను? అమ్మా, నా కోసం ఇక్కడ ఇంకాస్త పొయ్యమనా? ట్రెజెన్జా వింటుండగా?"

అవతల క్లబ్బు వాళ్ళు ట్రెజెన్జాకి పూలదండ వేసి, గడ్డం తుడిపించి ఫోటో తీస్తున్నారు.

టెగన్ వంగి తల్లి బూట్లు తీసి, లోపలి మట్టి దులిపి అందించింది.

"వేసుకో. గేటు దాటితే అంతా పల్లేరు ముళ్ళే."