రెండు పడవల మధ్య సిస్టరమ్మ

సిస్టరమ్మ పోయారని ఆమె కూతురు ఫోన్ చేసినప్పుడు నేను గచ్చిబౌలిలో మా ఆఫీసు మీటింగులో ఉన్నాను. "అమ్మ పోయిందక్కా. ఇందాకే మెషీన్ తీసేశారు" అని మాత్రం చెప్పి పెట్టేసింది. లేచి బయటకు వచ్చి లిఫ్టుల పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఆమె ఆస్పత్రిలో ఉన్నన్ని రోజులూ ఈ ఫోన్ కోసం భయపడుతూనే ఉన్నాను. తీరా వచ్చాక నాకు ముందు కోపం వచ్చింది. ఎదురుగా ఎవరుంటే వాళ్ళను కొట్టాలనిపించింది.

జరిగింది ఇదీ. మదీనాగూడలో మా అపార్ట్‌మెంటుకు దగ్గర్లోనే, ముంబై హైవే మీద, బైక్ ట్యాక్సీ నడిపే ఒకాయన తమ కారుకు గీత పెట్టాడని ముగ్గురు మనుషులు దిగి అతన్ని కొడుతున్నారు. అతని హెల్మెట్ లాక్కుని దానితోనే ముఖం మీద బాదారు. చుట్టూ ఉన్నవాళ్ళు ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. కూరగాయలు కొనుక్కుని ఆటోలో ఇంటికి వస్తున్న సిస్టరమ్మ అది చూసి ఆటో ఆపించారు. సంచి సీటు మీదే వదిలేసి వెళ్ళి, కింద పడున్న మనిషికి అడ్డంగా నిలబడ్డారు. "ఇంక చాలు బాబూ, చచ్చిపోతాడు" అన్నారట. ఒకడు ఆమెను రెండు చేతులతో తోశాడు. తల డివైడర్ అంచుకు కొట్టుకుంది.

ఆ వీడియో మీలో కొందరు చూసే ఉంటారు. అందులో ఆమె కనిపించేది కొద్ది క్షణాలే. నెరిసిన జుట్టు, నీలం చీర, పడిపోవడం. అంతకు ముందు ఆమె ఎవరో మీకు చెప్పాలని ఇది రాస్తున్నాను.

ఆమె మాకు ఎదురు ఫ్లాటు. నరసాపురం వైపు క్రైస్తవ కుటుంబం. కోస్తాలో ప్రభుత్వాసుపత్రుల్లో ఏళ్ళ తరబడి క్యాజువాలిటీలో నర్సుగా చేసి, రిటైరయ్యాక కూతురి దగ్గరకు వచ్చేశారు. కూతురు కూకట్‌పల్లిలో స్కూల్ టీచరు. అపార్ట్‌మెంటులో ఎవరికి జ్వరం వచ్చినా, ఎవరి వేలు తలుపులో పడినా ముందు ఆమె తలుపే తట్టేవాళ్ళం. మాట కరుకు. సూదికి ఏడ్చే పెద్దవాళ్ళను పిల్లల ముందే తిట్టేవారు. మాట్లాడుతూ మన చేయి పట్టుకుంటే ఆ వేళ్ళు వాటంతటవే నాడి దగ్గరకు వెళ్ళిపోయేవి. ఆ సంగతి ఆమెకే తెలిసేది కాదు.

మాది అనంతపురం. నీళ్ళంటే నాకు బోరు, ట్యాంకరు. పెళ్ళయి ఇక్కడికి వచ్చాక కూడా సముద్రం చూడలేదని ఒకసారి మాటల్లో చెప్పాను. ఆమె నన్ను జబ్బు మనిషిని చూసినట్టు చూశారు. ఆ చలికాలమే నన్నూ మా ఆయన్నూ వెంటబెట్టుకుని దివిసీమ తీసుకెళ్ళారు.

అప్పటి నుంచి ఏటా అదే మా ప్రయాణం. ఆమెకు దూరపు చుట్టమైన, పడవ నడిపే సరంగు ఒకతను ఉండేవాడు. తన చేపల పడవకు టార్పాలిన్ కప్పి, గ్యాస్ పొయ్యి పెట్టి సిద్ధంగా ఉంచేవాడు. నది సముద్రంలో కలిసే చోట నీళ్ళు వేళ్ళలా చీలిపోయి పాయలవుతాయి. వాటికి రెండు వైపులా మడ అడవి. పోటు వచ్చినప్పుడు చెట్లు నడుము దాకా నీళ్ళలో ఉంటాయి, పాటు తీసినప్పుడు వేర్లన్నీ బయటపడి బురదలో నిలబడతాయి. మేము పోటు నీటి మీద లోపలికి వెళ్ళి, ఏదో ఒక చిన్న ఊరి రేవులో దిగేవాళ్ళం.

"ఊరు దిగి చూడకపోతే నీళ్ళు చూసి ఏం లాభం?" అనేవారు. ఏ ఊరు దిగినా ముందు అక్కడి ఆస్పత్రి. లోపలికి వెళ్ళి డ్యూటీలో ఉన్న నర్సు పక్కన కాసేపు కూర్చుని, మందులు వస్తున్నాయా, కరెంటు ఉంటోందా అని అడిగేవారు. తర్వాత చర్చి, తర్వాత సంత. ఎండు రొయ్యలు వేలితో విరిచి వాసన చూడడం నాకు నేర్పింది ఆమే. తిరుగు దారిలో నరసాపురం వెళ్ళి, ఇంటి అరుగుల మీద లేసు అల్లే ఆడవాళ్ళ మధ్య కూర్చుంటే ఇక లేచేవారు కాదు. బందరులో ఒక టైలరు కొట్టు ముందు, చిన్నప్పుడు తన గౌను ఆ టైలరు పాడుచేశాడని అతని కొడుకుతో గొడవ పెట్టుకున్నారు. ఆ తగువు సరదాగానే మొదలైంది కానీ సరదాగా ముగియలేదు. ఆమె కోపం నిజమైన కోపమే.

ఇక ఒక ఏడు అక్కడి పాయలో జరిగింది చెబుతాను. ఆ ఊళ్ళ పేర్లు రాయను.

ఎండెక్కుతున్న వేళ ఒక ఇరుకు పాయలోకి తిరిగాం. మలుపు అవతల అరుపులు వినిపించాయి. సరంగు ఇంజను తగ్గించేలోగానే మలుపు తిరిగిపోయాం. పాయకు అడ్డంగా వల కట్టే హక్కు ఎవరిదన్న దాని మీద రెండు ఊళ్ళ వాళ్ళు పడవలు ఢీకొట్టుకుని తెడ్లతో, గెడకర్రలతో కొట్టుకుంటున్నారు. కర్ర తల మీద పడితే వచ్చే చప్పుడు నేను అంతకు ముందు వినలేదు. చిన్న చప్పుడే. ఒక మనిషి నీళ్ళలో బోర్లా తేలుతుంటే ఇంకొకడు అతని జుట్టు పట్టుకుని పైకి లాగుతున్నాడు. లాగుతున్నవాడి వీపు మీద వెనక నుంచి దెబ్బలు పడుతూనే ఉన్నాయి.

మా కళ్ళ ముందే ఒకతను కత్తితో ఎదుటి పడవలోని కుర్రవాణ్ణి తొడ మొదట్లో పొడిచి నీళ్ళలోకి దూకాడు. ఈదుకుంటూ వచ్చి మా పడవ అంచు పట్టుకున్నాడు. చెవి సగం తెగి వేలాడుతోంది. సరంగు వద్దు వద్దని అరుస్తున్నాడు. సిస్టరమ్మ వంగి అతని చొక్కా పట్టుకుని లోపలికి లాగారు. లాగగానే అతని నడుము తడిమి కత్తి లేదని చూసుకున్నారు. ఆ తర్వాతే తన తువ్వాలు చెవికి చుట్టారు.

రెండు పడవలు వచ్చి మమ్మల్ని అడ్డగించాయి. ముందున్న పడవలో గెడకర్ర పట్టుకున్న మనిషి ఛాతీ అంతా నెత్తురు. అది అతనిది కాదు.

"ఆణ్ణి నీళ్ళలోకి తొయ్యండి. మీతో మాకు గొడవ లేదు" అన్నాడు.

"తొయ్యను" అన్నారు సిస్టరమ్మ. "నీ కాళ్ళ దగ్గర పడున్న కుర్రాడు ఎవరు?"

"మా తమ్ముడు."

"మీ తమ్ముడికి నెత్తురు ఆగట్లేదు. నేను ఆస్పత్రి నర్సుని. నన్ను మీ పడవలోకి ఎక్కించుకుని ఈ పడవని పోనివ్వండి."

అతను కర్ర దించలేదు, ఎత్తనూ లేదు. ఆమె చీర కుచ్చిళ్ళు దోపుకుని, అతను చేయి అందించకపోయినా, ఈ పడవ అంచు మీద నుంచి ఆ పడవలోకి దాటారు. దాటి మోకాళ్ళ మీద కూర్చుని పిడికిలి ఆ గాయంలో పెట్టి తన బరువంతా మోపారు. తల ఎత్తకుండానే మా ఆయనతో అన్నారు: "స్టేషన్లో అప్పజెప్పండి. దారిలో దించెయ్యమని కాళ్ళు పట్టుకుంటాడు. దించకండి."

మేము వెళ్ళిపోయాం. ఆమె చెప్పినట్టే అతను కాళ్ళు పట్టుకున్నాడు. మా ఆయన దించలేదు. టౌను రేవులో పోలీసులకు అప్పగించి, మెట్ల మీద కూర్చుని పాయ వైపు చూస్తూ ఉండిపోయాం. పోలీసులు బోటు కోసం ఫోన్లు చేస్తూనే ఉన్నారు.

పొద్దు వాలేలోగా ఆమె వచ్చారు. పడవ నడిపింది ఆ అన్నే. చీర ముందు భాగం ఎండిన నెత్తురుతో అట్టలా అయిపోయింది. ఎడమ చేయి కదలడం లేదు. మెట్లెక్కి, "అతన్ని అప్పజెప్పారా?" అని అడిగారు. అప్పజెప్పామన్నాక మెట్టు మీద కూర్చుండిపోయారు. అప్పుడు మొదలైంది ఆమెకు వణుకు. పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. నేను దుప్పటి కప్పి పట్టుకుంటే, నా చేతుల్లోనే వాంతి చేసుకున్నారు.

ఆ కుర్రవాడు ఒడ్డు చేరకముందే ప్రాణం విడిచాడు. ఆమె చేయి తీయగానే అన్నకు అర్థమై, తెడ్డు ఎత్తి ఆమె మీద ఒక దెబ్బ వేశాడు. మెడ కింద ఎముక విరిగింది. రెండో దెబ్బకు ఎత్తిన తెడ్డు నీళ్ళలో విసిరేసి తమ్ముడి మీద పడిపోయాడు. "మీ అమ్మకి నేను చెప్తాను, పద" అన్నారట ఆమె. ఆ ఇంటికి వెళ్ళి, ఆ తల్లి ముందు నిలబడి, తనే చెప్పారు.

ఇదంతా ఆమె మాకు ఒక్కసారే చెప్పారు, బందరు ఆస్పత్రి మంచం మీద, ఏదో కేసు షీటు చదువుతున్నట్టు. పొడిచినవాణ్ణి ఎందుకు కాపాడారని మా ఆయన గట్టిగానే అడిగాడు. చచ్చిపోయిన కుర్రవాడి ముఖం తనను వదలడం లేదన్నాడు.

"దానికి కోర్టు ఉంది నాయనా. పడవలో కోర్టు పెడితే అందరం మునుగుతాం" అన్నారు.

ఆ కోర్టుకు ఆమె వెళ్ళారు. తను ప్రాణం కాపాడిన మనిషి బోనులో నిలబడి చేతులు జోడిస్తుంటే, అతని వైపే చూస్తూ, చూసింది చూసినట్టు చెప్పారు. ఆ సాక్ష్యం మీదే అతనికి శిక్ష పడింది. బయటకు వచ్చాక అతని భార్య ఆమె ముఖం మీద ఉమ్మింది. సిస్టరమ్మ కొంగుతో తుడుచుకుని, "ఆవిడకి బస్సు దొరుకుతుందో లేదో చూడమ్మా" అన్నారు నాతో.

కేసు తేలకముందు వచ్చిన చలికాలంలోనే ఆ కుర్రవాడి ఊరి రేవులో పడవ ఆపమన్నారు. సరంగు బతిమాలాడు. ఆమె వినలేదు. చనిపోయిన కుర్రవాడి తల్లి గుడిసె ముందు వల బాగుచేసుకుంటోంది. ఈమెను చూసి లేచి, దోసిలితో బురద ఎత్తి ముఖం మీద కొట్టింది. "నా కొడుకుని పొడిచినోడిని నువ్వే కాపాడావు గదా" అంది. ఇంకో దోసిలి, ఇంకొకటి. సిస్టరమ్మ కదలకుండా నిలబడ్డారు. ఆ తల్లి చేతులు అలిసిపోయాక ఇద్దరూ అక్కడే నేల మీద కూర్చున్నారు. ఆ తల్లి అడిగింది.

"ఆఖర్లో అమ్మా అన్నాడా?"

"లేదమ్మా. దాహం అన్నాడు. నీళ్ళు పోశాను."

అవునని ఒక్క మాట అంటే ఏం పోయేదని తిరుగు ప్రయాణంలో నేను అడిగాను. సిస్టరమ్మ ముఖం మీద ఎండిన బురదను గోటితో గీరుకుంటూ కూర్చున్నారు.

శిక్ష పడిన తర్వాతి ఏడు ఆ తల్లి మాకు మంచినీళ్ళు ఇచ్చింది. ఆ మరుసటి ఏడు మడ పీతల పులుసు వండి పెట్టింది. తమ్ముణ్ణి పొడిచినవాడు బెయిలు మీద బయట తిరిగినన్నాళ్ళు పెద్ద కొడుకు కత్తి నూరుకుని కూర్చున్నాడని, ఈమె వచ్చి వెళ్ళాక దాన్ని తను ఇంటి కప్పులో దోపేశానని, వాడు అడగలేదని అప్పుడు చెప్పింది. సిస్టరమ్మ విని, పులుసులో ఉప్పు ఎక్కువైందన్నారు. వాళ్ళిద్దరూ నవ్వుకోవడం అదే మొదటిసారి చూశాను.

ఆ తెడ్డు దెబ్బ తర్వాత సిస్టరమ్మ ఎడమ చేయి భుజం దాటి లేచేది కాదు. బట్టలు తీగ మీద ఆరేయడానికి నన్ను పిలిచేవారు. పిలిచి, సరిగ్గా దులపలేదని తిట్టేవారు. ఆ తిట్లు తింటూ నేను మా అమ్మ దగ్గర కూడా నేర్చుకోనివి చాలా నేర్చుకున్నాను. భయపడినప్పుడు ముందు చేతులకు పని చెప్పాలని ఆమెను చూసే తెలుసుకున్నాను.

సమాధుల తోటలో, ఆమె మీద మట్టి వేసేటప్పుడు, బైక్ ట్యాక్సీ ఆయన వచ్చాడు. నలభై దాటిన మనిషి. దవడకు కట్టు, ఒక కన్ను ఇంకా మూసుకునే ఉంది. నోరు తెరవడం కష్టంగా ఉన్నా ఆమె కూతురి దగ్గరకు వచ్చి, "ఆ అమ్మ అడ్డం రాకపోతే నేను ఇయ్యాల ఉండకపోతుంటి" అన్నాడు. "నన్నెవ్వరు బెదిరిచ్చినా సరే, కోర్టుల చెప్త." ఆమె కూతురు అతన్ని భోజనం చేసి వెళ్ళమంది. పళ్ళతో నమల్లేనంటే, ఇంట్లో జావ కాచి ఇచ్చింది.

మొన్న నేనూ మా ఆయనా దివిసీమ వెళ్ళాం. ఎవరో ఒకరు ఆ తల్లికి చెప్పాలి కదా. పాటు తీస్తున్న వేళ ఆ రేవులో దిగాం. ఆమె కత్తిపీట ముందు కూర్చుని చేపలు కోస్తోంది. మా వెనక ఇంకెవరూ దిగకపోవడం చూసి చేతులు ఆపింది. నేను చెప్పాను. ఎలా పోయారో కూడా, దాచకుండా, చెప్పాను.

"తోసినోడు దొరికాడా?" అంది.

"దొరికాడు. జైల్లో ఉన్నాడు."

"సాక్ష్యం ఎవరు చెప్తారు?"

బైకాయన చెప్తానన్నాడని చెప్పాను. తల ఊపింది. కత్తిపీట మడిచి పక్కన పెట్టి, మమ్మల్ని చీకటి పడకముందే వెళ్ళిపొమ్మంది.

మా పడవ కదిలాక ఆమె లేచి రేవులోకి దిగింది. నడుము లోతు దాకా నడిచి, సముద్రం వైపు లాగుతున్న నీళ్ళలో నిలబడి, రెండు అరచేతులతో నీళ్ళను కొట్టడం మొదలుపెట్టింది. దూరం పెరిగేకొద్దీ చేతులు పడడం ముందు కనిపించేది, చప్పుడు తర్వాత వచ్చేది. మలుపు తిరిగాక ఆమె కనిపించలేదు. సరంగు ఇంజను ఆపేశాడు. మడ చెట్ల మీదుగా ఆ చప్పుడు ఇంకా వస్తూనే ఉంది.