తొక్కలక్క వీడియో

ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆవిడ చేసిన పని ఒక్కటే. నారింజపండును ఎడమచేత్తో తిప్పుతూ, పైనున్న రంగు తొక్కను చిన్న చాకుతో గోరంత ముక్కలుగా తీయడం. కిందున్న తెల్ల పొర రాకూడదు. వచ్చిందా, ఆ తొక్క మద్యం చేసే స్పిరిట్లో నానినన్నాళ్ళూ చేదు దిగుతూనే ఉంటుంది. ఆనక ఎంత పంచదార పోసినా నాలుక చివర పట్టుకుని వదలదు. ఫ్యాక్టరీలో అందరికీ ఆవిడ తొక్కలక్క. అసలు పేరు హాజరు పట్టీలో ఉండేది, నోళ్ళలో లేదు.

ఆ గదిలో ఒకప్పుడు పదహారు మంది ఆడవాళ్ళు. రెండు పొడుగాటి బల్లలు, ఆరని తడినేల, అత్తల మీద చాడీలు. నోళ్ళు ఎంత ఆడినా చేతులు ఆగేవి కావు. అప్పట్లో వాళ్ళ నారింజ మద్యం జిల్లా దాటితే గొప్ప. తర్వాత పెద్ద కంపెనీ దిగింది. ఒక దేశంలో విస్కీ బట్టీలు, ఇంకో దేశంలో బ్రాందీ గోదాములు, మరోచోట మూలికల మద్యం కాచే పాత కుటుంబం, ఇలా కంటికి ఆనిన సీసానల్లా మింగుతూ వచ్చి వీళ్ళ సీసానూ మింగింది. 'చేత్తో ఒలిచిన తొక్కలతో' అన్న లేబులు మీది మాటను మాత్రం ముట్టుకోలేదు. ఆ ఒలుపును చేతులు చవగ్గా దొరికే దేశాలకు తరలించింది. పదిహేను మందిని ఇంటికి పంపింది. వాళ్ళలో తొక్కలక్క సొంత చెల్లెలు ఒకతె.

అక్కను ఉంచారు, సందర్శకులకు చూపించడానికి. అద్దాల గది, ఇస్త్రీ చేసిన ఏప్రాను, రోజుకు రెండు బుట్టల పండ్లు. ఒలిచిన తొక్కలన్నీ సాయంత్రానికి చెత్తబుట్టలోకి.

"నిన్ను జూలో పెట్టారే అక్కా. వేళకు మేతన్నా వేస్తున్నారా?" అంది చెల్లెలు.

ఒకరోజు కొత్త మేనేజరు కెమెరావాళ్ళను వెంటేసుకొచ్చాడు.

"ముక్కలు ముక్కలుగా వద్దక్కా. పండు తొక్క మొత్తం ఒకే రిబ్బనులా రావాలి."

"అలా తీస్తే తెల్ల పొర వస్తుంది బాబూ."

"తాగడానికా ఏంటి? చూడ్డానికే కదా!"

చూడ్డానికే కదా అని ఆవిడా అనుకుంది. అక్కడే దెబ్బతింది. చాకును ఏనాడూ పక్కకు పోనివ్వని మనిషి ఆ పూట పదకొండు పండ్లను తెలిసి తెలిసీ పాడుచేసింది.

ఆర్నెల్లు తిరిగేసరికి, మద్యం రుచి చూసే మాస్టారు గ్లాసు పట్టుకుని అద్దాల గదికి వచ్చాడు.

"ఇది కాస్త చూడు తొక్కలక్కా. కొత్త ఫ్యాక్టరీల సరుకు."

నాలుక మీద చుక్క పడగానే ఆవిడ మొహం చిట్లించింది. "ఛీ! ఎవరు ఒలిచారిది?"

"నువ్వే. అక్కడివాళ్ళకు నీ వీడియో చూపించి, ఇదే అసలు పద్ధతని నేర్పారట."

ఆవిడకు తల కొట్టేసినట్టయింది. ఏ దేశంలోనో ముక్కూమొహం తెలియని ఆడవాళ్ళు తన చేతిని చూసి చేదు తీస్తున్నారు! ఆ వీడియోను తీసేయించేదాకా నిద్రపట్టేలా లేదు. మేనేజరు దగ్గరకు వెళ్ళింది. పైవాళ్ళకు రాశానన్నాడు. మళ్ళీ వెళ్ళింది. మీటింగులో ఉన్నాడన్నారు. మూడోసారి తలుపు దగ్గరే కాపేసి పట్టుకుంది.

"ఆ చేదు గొడవ తీరిపోయిందక్కా," అన్నాడు నవ్వుతూ. "పంచదార రెట్టింపు చేశాం, కుర్రకారు ఎగబడి తాగుతున్నారు. ఇంకో ఆరు దేశాల్లో దించుతున్నాం."

"అయితే అందులో నా మొహం తీసెయ్యండి."

"మొహమే కదక్కా అమ్ముడుపోతోంది!"

కంపెనీలు పెరిగే తీరే ఇది. తప్పు దిద్దే మనిషి ఎదురుగా నిలబడి మొత్తుకుంటున్నా, తప్పుకే లేబులు అతికించి ఓడెక్కిస్తాయి.

మర్నాడు సందర్శకులు రాగానే గైడు పిల్ల, "అక్కా, రిబ్బను!" అంది. అక్క పొడుగ్గా రిబ్బను తీసింది. రెండు ముక్కలు కోసి ముందున్న భార్యాభర్తల చేతుల్లో పెట్టింది. "నమలండి." నమిలారు, వెంటనే ఉమ్మారు.

"మీరు కొనే సీసాలో ఉన్నది ఈ చేదే. పైన పంచదార కప్పారు. ఇప్పుడిది చూడండి." గోరంత ముక్క తీసిచ్చింది. "ఇలా తీసేవాళ్ళం పదహారు మందిమి. పదిహేను మందిని తరిమేసి నాతో ఈ నాటకం ఆడిస్తున్నారు."

"అక్కకు జోకులెక్కువండీ," అంటూ గైడు పిల్ల అందరినీ పక్క గదికి తోలింది.

సోమవారం గేటు దగ్గర ఏప్రాను వెనక్కి తీసుకున్నారు. సామాను పట్టుకెళ్ళడానికి వరండాలోకి వచ్చిన తొక్కలక్క అద్దంలోంచి లోపలికి చూసింది. తన కుర్చీ ఉండేచోట నిలువెత్తు టీవీ. అందులో తన చేతులు, తెగని రిబ్బను. జనం చప్పట్లు కొడుతున్నారు.

"అది తప్పు! అలా తీయకూడదు!" అని అరుస్తూ వేలి కణుపులతో అద్దం బాదింది.

మందపాటి అద్దం. లోపలివాళ్ళు తలతిప్పి చూశారు. టికెట్టు కొన్న మనిషెవరో దారి తప్పిందనుకుని, తలుపు అటువైపుందని చేత్తో చూపించారు.