నలభై రెండు పేర్లు

అయిపోవచ్చిన పడుగు కొసలకు కొత్త పడుగు దారాలను ఒక్కొక్కటిగా ముడివేయడం వడ్నాల సిద్ధరాములు పని. అశోక్ చౌక్ సందుల్లో ఏ కార్ఖానా పిలిస్తే అక్కడికి వెళ్లి, మగ్గం వెనక గొంతుక్కూర్చుని, వేళ్లకు బూడిద అద్దుకుని, పొద్దుగూకే దాకా ముడులు వేస్తాడు. దగ్గు తెర వస్తే దారాలు చెదరకుండా ముఖం పక్కకు తిప్పుకుంటాడు. నలభై ఏళ్లుగా అన్ని మగ్గాల వెనకా కూర్చున్నవాడు కనుక, ఏ మగ్గం ఎవరు నడిపారో, దూదిధూళి ఎవరి ఊపిరి తీసిందో అతనికే తెలుసు. అందుకే నేతకార్మికుల సంఘం భవనానికి యాభై ఏళ్లు నిండాయని, పేట చరిత్ర అతనితోనే రాయించారు.

అచ్చుకు పోయే ముందు సంఘం పెద్ద, కార్ఖానాదారు పాండురంగ్ సేఠ్ ఆ కాగితాలు చదివి మొహం మాడ్చుకున్నాడు.

“క్యా సిద్ధన్నా, ఇది పేట చరిత్రనా, సావుల లిస్టా? దగ్గి సచ్చినోళ్లే నలభై రెండు మందున్నరు! పండుగ పూట గివెందుకు? తీసెయ్, దాతల ఫోటోలు పెడదాం.”

“పడుగుల ఒక్క పోగు లేకుంటేనే చద్దరు పొడుగునా సందు కనవడ్తది సేఠ్. నలభై రెండు తీస్తే ఏం మిగుల్తది?”

“మస్తు మాట్లాడుతున్నవ్. రేపట్నుంచి కార్ఖానలకు పిలుపు రావద్దా ఏంది?”

సిద్ధరాములు కలం అడిగి తీసుకుని, ఆ నలభై రెండు పేర్లలో ముందు తన తమ్ముడి పేరు కొట్టేశాడు. తర్వాత మిగిలినవన్నీ, పెదవులు కదుపుతూ ఒక్కొక్కటే చదువుకుని మరీ కొట్టేశాడు. చివరికి మొదటి పేజీ తిప్పి, రాసినవారి పేరు ఉన్నచోట తన పేరూ కొట్టేసి, కాగితాలు సేఠ్ ముందుకు జరిపాడు.

“ఇగో సేఠ్, గిది ఇప్పుడు నీ చరిత్ర. నీ పేరే రాస్కో.”