జలపాతం చూపించిన రోజు

కార్తీకమాసం వనభోజనాలకు కింద బస్తీ వాళ్ళనీ పిలవాలని మా కాలనీ కమిటీలో పట్టుబట్టింది నేనే. మేమూ వాళ్ళూ ఇనుప గనుల్లో పని కోసం ఆంధ్రా నుంచి కిరందుల్ వచ్చినవాళ్ళమే. కాకపోతే మాకు క్వార్టర్లున్నాయి, బస్సుంది. వాళ్ళు ఠేకా మీద, కాంట్రాక్టరు కింద పనికొచ్చినవాళ్ళు. అడవి మనకీ, ఎర్రదుమ్ము వాళ్ళకీనా అని గట్టిగానే అడిగాను. ఒప్పుకున్నారు. ఆ సాయంత్రమంతా నన్ను చూసుకుని నేనే మురిసిపోయాను.

మా ఇంట్లో పనిచేసే ఆవిడా ఆ బస్తీలోనే ఉంటుంది, శ్రీకాకుళం వైపు మనిషి. నా ఈడుదే. మూడేళ్ళుగా ఇక్కడున్నా అడవిలో ఉన్న జలపాతం చూడలేదు. "హిందీ రాదు, గోండీ రాదు. దారిలో ఎవరైనా ఆపి అడిగితే ఏటి సెప్పాలమ్మా?" అనేది. మొగుడి ఠేకా అయిపోయింది, వారంలో ఊరెళ్ళిపోతున్నారు. వెళ్ళేలోపు ఆ ఒక్కటీ చూడాలని ఆవిడ ఆశ. వనభోజనాలు దాని పక్కనే కదా, నేను చూపిస్తా పద అన్నాను.

ఆదివారం పేరంటానికి వచ్చినట్టు తయారై వచ్చింది. పసుపుపచ్చ చీర, తలలో కనకాంబరాలు. బస్సు దిగి ఉసిరిచెట్టు కింద జంబుఖానాలు పరిచాం. నీళ్ళ చప్పుడు వినిపిస్తూనే ఉంది, బండలు దాటి పది నిమిషాలు నడవాలంతే. అందరం కలిసి వండుకోవడం మా ఆనవాయితీ. ఆవిడ ఊరికే నిలబడలేక "ఏటైనా సెయ్యమంటారా?" అంది. నా నోరు పడిపోను, "ఈ వంకాయలు కాస్త తరిగిపెట్టు" అన్నాను, రోజూ వంటింట్లో అన్నట్టే.

వంకాయలయ్యాక కొబ్బరి. కొబ్బరయ్యాక పులిహోర కలపడం. మిగతా ఆడవాళ్ళు ఒక్కొక్కరే చేతులు కడుక్కుని నీళ్ళవైపు వెళ్ళారు. నేనూ వెళ్ళాను. ఫొటోలు కూడా దిగాను. ఆవిడ గుర్తు రాలేదని అబద్ధం చెప్పను. గుర్తొచ్చింది. పొయ్యి దగ్గర ఒకరు ఉండాలి కదా, తిన్నాక తీసుకొద్దాంలే అనుకున్నాను. తిన్నాక గిన్నెలు మిగిలాయి. అవి తోమడం అయ్యేసరికి, పొద్దుండగానే ఊరు చేరాలని డ్రైవరు హారన్ కొట్టాడు.

బస్సులో నా పక్కనే కూర్చుంది. క్షమించమని అడగబోయి, మిగిలిన పులిహోర డబ్బా ఆవిడ ఒళ్ళో పెట్టాను. కమిటీలో అంత మాట్లాడినదాన్ని, ఆ ఒక్క మాట రాలేదు.

బస్తీ దగ్గర ఆవిడ మొగుడు ఎదురుచూస్తున్నాడు. "సూసావేటి?" అన్నాడు నవ్వుతూ.

"సూసాను. సానా బాగుంది. అమ్మగారే దగ్గరుండి సూపించారు" అంది, నా వైపు చూడకుండా.

అతను నాకు రెండు చేతులెత్తి దణ్ణం పెట్టాడు. నేనూ పెట్టాను.