గండిలోకి తోసిన ట్రక్కు

అమెరికాలోని పశ్చిమ నెబ్రాస్కాలో ఒక సాగు కాలువ ఉంది. దాని పొడవు ఇరవై ఆరు మైళ్లు, తూములు నలభై ఒకటి. కొండల్లో మంచు కరిగి, జలాశయం నిండి, నార్త్ ప్లాట్ నది మీదుగా ఆ కాలువకు నీళ్లొస్తే తప్ప కింది చక్కెరదుంప పొలాలకు గతి లేదు. వంతులవారీగా నీళ్లు వదిలే లస్కరు ఎర్విన్ లింట్. 1958 జూన్‌లో అతను గడ్డిమేటు మీంచి జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. మర్నాడు పొద్దున్నే అతని భార్య వెల్డా ట్రక్కు తాళాలు చేతిలోకి తీసుకుంది.

"ఏ తూముకి చక్రం ఎన్ని చుట్లు తిప్పాలో రాసివ్వు."

"రాసేదేముంది? అంతా నా తలకాయలోనే ఉంది."

"అయితే తలకాయ నాకిచ్చి, కాలు నువ్వుంచుకో."

ఎర్విన్ నవ్వి కాగితం అడిగాడు.

మొదటి చిక్కు ఓటిస్ గ్రాఫ్ దగ్గర వచ్చింది. పెద్ద రైతు, పొలం కాలువను ఆనుకునే ఉంటుంది. తూము దగ్గర ఆడమనిషిని చూసి ట్రాక్టరు ఆపాడు.

"మీ ఆయన ఏడీ?"

"కాలు విరిగి మంచంలో ఉన్నాడండీ."

"మరి తూమెవరు ఎత్తుతారు?"

"తూము ఎత్తేది కాలితో కాదు గదండీ!"

గ్రాఫ్ గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. మూడోరోజు పొద్దున ఆమె చూసేసరికి అతని తూము రెండు చుట్లు ఎక్కువ లేచి ఉంది. వెల్డా దాన్ని సరిచేసి, నేరుగా అతని వంటింటి గుమ్మం దగ్గరికెళ్లింది. గ్రాఫ్ క్యాబేజీ, మాంసం కూరిన రొట్టె తింటున్నాడు.

"మీ తూము రెండు చుట్లు తిరిగిందండీ."

"గాలికేమో. గాలి గట్టిగానే కొట్టింది."

"ఇనపచక్రం తిప్పే గాలికి మీ కొట్టం కప్పు ఎగిరిపోలేదే! చిత్రంగా లేదూ?"

గ్రాఫ్ భార్య నవ్వాపుకోలేక పొయ్యివైపు తిరిగింది. ఆ తరవాత ఆ తూముకు గాలి సోకలేదు.

జూలై నడిమిలో ఒక మధ్యాహ్నం, గ్రాఫ్ పొలానికి ఎగువన గట్టు కింద నీళ్లు ఊరడం వెల్డా కంటబడింది. తేట నీళ్లయితే భయం లేదు. ఇవి ఎర్రగా, బురదగా వస్తున్నాయి. నీటి ఎలుకలు గట్టును తొలిచేశాయి. ఆమె ట్రక్కు హారను నొక్కిపట్టి వదల్లేదు. గ్రాఫ్ బండినిండా గడ్డిమోపులున్న ట్రాక్టరుతో వచ్చేసరికి చారెడు కంత కాస్తా మనిషి పట్టేంత గండయింది. వెంట వచ్చిన భార్యను ఇంటికి ఫోన్ దగ్గరికి పరిగెత్తించాడు, ఎగువ తలుపులు మూయించమని చెప్పడానికి. కానీ అవి మూశాక కూడా కాలువ తగ్గడానికి రెండు గంటలు పడుతుంది. గట్టు పోతే నెలదాకా నీళ్లుండవు, దుంప ఎండిపోతుంది.

వేసిన మోపు వేసినట్టే కొట్టుకుపోయింది.

"అడ్డం ఏదైనా బరువైంది పడాలి," అన్నాడు గ్రాఫ్ రొప్పుతూ.

వెల్డా ట్రక్కువైపు చూసింది. గ్రాఫ్ కూడా చూశాడు.

"పిచ్చిగానీ పట్టిందా? అది ఎర్విన్‌ది! అడిగితే ఏం చెప్తావు?"

"ఆయన పరిగెత్తుకొచ్చి అడగలేడు గదా. తొయ్యండి!"

ఆమె ట్రక్కులోంచి తిండి డబ్బా మాత్రం తీసుకుంది. గ్రాఫ్ ట్రాక్టరుతో నెట్టాడు. ట్రక్కు పక్కకు ఒరిగి, ఒక్కసారి కదిలి, గండిలో బిగుసుకుపోయింది. చుట్టూ మోపులు కూరి, మట్టి పోశారు. గట్టు ఆగింది. ఇద్దరూ నడుందాకా బురదతో గట్టుమీద కూర్చుని డబ్బాలోని రొట్టె చెరిసగం తిన్నారు.

సాయంత్రం ఎర్విన్ అడిగాడు, "ట్రక్కేదీ?"

"గట్టులో."

"గట్టుమీదా?"

"లోపల."

"టైర్లు కొత్తవే," అన్నాడు ఎర్విన్ దిగులుగా.

శీతాకాలంలో కాలువ సంఘం కూడినప్పుడు, లస్కరు పని ఎవరికివ్వాలన్న మాట వచ్చింది. గ్రాఫ్ లేచాడు. "ఈవిడుంటే నేను ఒక్క చుట్టు కూడా దొంగిలించలేను. అంచేత ఈవిడే ఉండాలి." నవ్వులు ఆగాక ఎవరూ కాదనలేదు. కాలు బాగయ్యాక ఎర్విన్ చక్కెర మిల్లులో చేరాడు. వెల్డా ఆ కాలువ మీద ఇరవై ఏడేళ్లు తిరిగింది. ఏటా అక్టోబరులో నీళ్లు కట్టేశాక, మడుగుల్లో చిక్కుకున్న చేపల కోసం ఊరంతా బకెట్లతో దిగేది. వాళ్లందరికీ ముందు, మోకాళ్లదాకా బూట్లు తొడుక్కుని ఆమే దిగేది.