అత్త అడిగిన కిటికీ

ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది గాని, ఆ రోజుల్లో నోటితో ఒక్క ముక్కలో చెప్పగలిగే సంగతిని కూడా నేను కాగితం మీద గీసి ఇచ్చేదాన్ని. విశాఖపట్నంలో ఇంటీరియర్ డిజైన్ డిప్లొమా చేసి, అక్కడే ఒక మేడమ్ దగ్గర రెండేళ్లపాటు టేపు రెండో కొస పట్టుకుని (మొదటి కొస ఎప్పుడూ ఆవిడదే), ఇక నేర్చుకోవాల్సింది ఏమీ మిగల్లేదని నాకు నేనే తేల్చుకుని చోడవరం తిరిగొచ్చిన కొత్త అది. డ్రాయింగే మాట్లాడాలి, మనం మాట్లాడకూడదు అని మేడమ్ చెప్పిన మాటను వేదవాక్కులా పట్టుకున్నాను. మా నాన్నది ఎరువుల కొట్టు. ఇల్లు సర్దడానికి కూడా కాలేజీలుంటాయా అని కొట్టుకొచ్చిన ప్రతి రైతునూ, నాకు వినబడేలా అడిగేవాడు. మెయిన్ రోడ్డులో ఒక మేడమీది గదికి బోర్డు కట్టి మూడు నెలలు కూర్చుంటే ఇద్దరంటే ఇద్దరు వచ్చారు. ఒకాయన టీవీ ఏ గోడకి పెడితే కలిసొస్తుందని అడిగి, నాకు తెలియదనేసరికి జాలిపడి వెళ్లిపోయాడు. రెండో ఆవిడ నా మెడలో టేపు చూసి జాకెట్టు గుడ్డ తీసింది.

అలాంటి సమయంలో నన్ను నమ్మి పని ఇచ్చింది మా అత్త ఒక్కతే. నాన్నకి అక్క. ఊరి చివర, దేవరాపల్లి వెళ్లే రోడ్డు పక్కన ఆవిడ పెంకుటిల్లు. ఇల్లు తూర్పు ముఖం, ముందు వసారా, దాని పక్కనే ఆగ్నేయం మూలన వంటిల్లు. అంటే వంటింటి తూర్పు గోడకి అవతల రోడ్డు, ఇవతల అత్త. ముప్పై ఏళ్లుగా ఆవిడ ఆ గోడకి ఎదురుగా నిలబడి వండింది గాని, దానికి ఒక కిటికీ లేదు. పైన పొగ పోవడానికి ఒక గూడు, అదీ మసిపట్టి మూసుకుపోయింది. మావయ్య చెరకు తోటలో గుండె ఆగి పడిపోయిన రోజున ఆయన్ని ఆ రోడ్డు మీదే ట్రాక్టరులో తెచ్చారు. లోపల పులుసు కలుపుతున్న అత్త ఆ చప్పుడు విని చెరకు బండి అనుకుంది. వీధంతా గుమిగూడి, ఎవరో ఒకావిడ లోపలికొచ్చి పొయ్యి కట్టేస్తే, ఎందుకు కట్టేశావని ఆవిడతో దెబ్బలాడింది కూడా. ఆ సంగతి చెప్పేటప్పుడు అత్త ఏడవలేదు, విసుక్కుంది. "అందరూ సూసేసినాక నాను సూసేనే. మంచైనా సెడ్డైనా రోడ్డు మీదొచ్చింది ముందు నా కళ్ళ పడాలి. నాకింకేటీ అక్కర్లేదు, ఓ కిటికీ ఎట్టు," అంది.

ఒక్క కిటికీ. నేను దానికి ఆరుసార్లు కొలతలు తీసుకున్నాను. కొలిచిందే ఎన్నిసార్లు కొలుస్తావే, ఈలోగా గోడ పెరుగుతుందా అని అత్త టీ ఇచ్చి మరీ అడిగింది. కొలతలయ్యాక ఒక పెద్ద షీటు మీద నలుచదరంగా వంటింటిని గీసి, కుడివైపు గోడలో కిటికీ పెట్టి, పైన ఉత్తరానికి ఒక బాణం, దాని మీద N అనే ఇంగ్లీషు అక్షరం గీసి, పక్కన ఇంగ్లీషులో చక్కటి అక్షరాలతో నా పేరు రాసుకున్నాను. తలుపులు గాని, వంట గట్టు గాని గీయలేదు. ఉన్నవాటిని మళ్లీ గీయడం ఎందుకు, కొత్తది మాత్రమే గీయాలి అన్నది నా నియమం (ఎక్కడా చదవలేదు, నా సొంతం). ఆ గది పది అడుగులకు పది అడుగులు. అలాంటి గదిలో తలుపులు కూడా లేకపోతే, షీటును ఎటు తిప్పి పట్టుకున్నా సరిపోతుందని అప్పుడు నాకు తట్టలేదు.

పని చేయడానికి వచ్చింది తూర్పు మేస్త్రి. మా ఊళ్లో సగం ఇళ్లు కట్టిన ముసలాయన. ఏం చేసినా తూర్పు తిరిగి చేస్తాడు కాబట్టి ఆ పేరు. మొదటి తాపీ సిమెంటు వేసినా, టీ తాగినా, చుట్ట వెలిగించినా తూర్పే. ఆయన పేరు విన్నప్పుడే నాకు బుద్ధి రావాల్సింది. షీటు చేతికివ్వగానే ఆయన తువ్వాలు భుజం మీద సర్దుకుని, ఒక్క తిరుగుడు తిరిగి సూర్యుడికి ఎదురుగా నిలబడి, కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని కళ్లకద్దుకుని అప్పుడు చూశాడు. ఆయన లెక్కలో కాగితం పైభాగం ఎప్పుడూ తూర్పే, బాణం సూర్యుడి వైపే. ఇంగ్లీషు అక్షరాలు ఆయనకు రావు, అంకెలొక్కటే వచ్చు. నా పనికి ఇంత గౌరవమా అని నాకు కళ్లు చెమర్చాయి. నోరు తెరిచి "మేస్త్రి గారూ, రోడ్డు వైపు గోడకి" అని అంటే సరిపోయేది. కాని డ్రాయింగే మాట్లాడాలి కదా, నేను గంభీరంగా నవ్వి ఊరుకున్నాను.

దుమ్ము పడదని అత్త నాలుగు రోజులు దేవరాపల్లిలో తన చెల్లెలింటికి వెళ్లింది. గోడ కొట్టే రోజున నేను కిటికీకి గ్రిల్లు చేయించడానికి అనకాపల్లి బస్సెక్కాను. సగం దారిలో ఉండగా మేస్త్రి ఫోను చేశాడు. అమ్మాయిగారూ, గీసినట్టే కొట్టీమంటారా అని అడిగాడు. గీసినట్టే కొట్టండి అన్నాను. మరొకపాలి వచ్చి చూసుకుంటే బాగుంటుందేమో అని నసిగాడు. బస్సులో పక్కసీటు ఆవిడ వింటోందని నాకు కాస్త దర్పం కూడా వచ్చింది. "డ్రాయింగ్ మీ చేతిలోనే ఉంది కదండీ," అన్నాను. మధ్యాహ్నానికి ఆయన కూలీ ఫోటో పంపించాడు. గోడలో అంచులు చక్కగా తీసిన పెద్ద కంత, దాని వెనక తెల్లగా. వానాకాలం కాబట్టి మబ్బు పట్టిన ఆకాశం అనుకున్నాను. "నా మొదటి కిటికీ" అని రాసి స్టేటస్ పెట్టుకున్నాను. మేడమ్ కూడా బొటనవేలి బొమ్మ పంపించింది.

అది ఆకాశం కాదు. మర్నాడు పొద్దున్నే గ్రిల్లు ఆటోలో వేసుకుని వెళ్లి చూస్తే, తూర్పు గోడ ఎక్కడిదక్కడే మసిపట్టి ఉంది. దక్షిణం గోడకి కంత పడింది. రెండడుగుల సందు అవతల పక్కింటివాళ్ల గోడ, ఆ ఏడు కొత్తగా సున్నం వేసుకున్నది, తెల్లగా మెరిసిపోతోంది. ఇదేంటండీ అన్నాను. మేస్త్రి షీటు పట్టుకుని మళ్లీ తూర్పు తిరిగి నిలబడి చూపించాక నాకు అంతా అర్థమైంది. తూర్పు తిరిగినవాడికి కాగితం కుడివైపు దక్షిణమే. ఆయన తప్పు ఏమీ లేదు. "దచ్చినానికి కిటికీ ఎవులెడతారు తల్లీ. నిన్నట్నుంచీ మనసులో పీకుతానే ఉంది. సదూకున్న గుంట గీసింది, ఏదో ఉంటాదిలే అనుకున్నాను," అన్నాడు. నేనేమో పెద్దాయన కట్టేవాడు, ఆయనకి తెలియదా అనుకున్నాను. ఇద్దరం ఒకరి మీద ఒకరికి ఉన్న మర్యాదతో అత్త వంటింటిని పాడుచేశాం. ఆ రోజు ఆయన అన్నం తినలేదని తర్వాత తెలిసింది.

తూర్పు గోడకి కూడా కొట్టేయండి అన్నాను. మేస్త్రి మూల దగ్గర వేలు పెట్టి చూపించాడు. మట్టి సున్నం కలిపి కట్టిన పాతకాలపు గోడలు, నిన్నటి దెబ్బకి మూలన సన్నటి బీట అప్పుడే పైకి పాకింది. దూలం ఆ మూల మీదే ఆనింది. రెండు పక్కలా కంత పెడితే ఇల్లు ఆవిడ మీద పడుతుంది, ఈ వానల్లో దాని జోలికి వెళ్లొద్దు అని చెప్పేశాడు. చేసేదిలేక ఆ దక్షిణపు కంతకే నా గ్రిల్లు బిగించాం. అత్తకి ఫోను చేసి చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. దానికి బదులు పసుపు పువ్వుల కర్టెను ఒకటి కొని కట్టాను.

అత్త వచ్చింది. చేతిసంచి కూడా దించకుండా నేరుగా వంటింట్లోకి వెళ్లి, తూర్పు గోడ వంక ఒకసారి, కర్టెను వంక ఒకసారి చూసింది. తర్వాత కర్టెను తప్పించింది. ఎదురుగా తెల్లగోడ. నేను తిట్లకి సిద్ధంగా తలుపు పక్కన నిలబడ్డాను. ఆవిడ తిట్టలేదు. గ్రిల్లు పట్టుకుని కుడికి వంగి చూసింది, ఎడమకి వంగి చూసింది, మునివేళ్ల మీద లేచి చూసింది. చదువుకున్నవాళ్లు పెట్టిన కిటికీ కదా, తనకి తెలియని కిటుకేదో ఉంటుందనుకుంది. చివరికి నా వైపు తిరిగి మెల్లగా అడిగింది. "ఒసే, ఇటేపు నుంచి రోడ్డు కనపడతాదేటే?"

నా జీవితంలో నన్ను అంతగా సిగ్గుపడేలా చేసిన ప్రశ్న మరొకటి లేదు. కనపడదత్తా అన్నాను. ఆవిడ కర్టెను మళ్లీ సర్ది, "పోన్లే. గాలొస్తాది," అంది. ఆ సందులో పిల్లి వెనక్కి తిరగడానికే చోటు లేదు, గాలెక్కణ్ణుంచి వస్తుంది. ఇంటికొచ్చి పడుకుని ఏడ్చాను. కొట్టుకొచ్చిన ప్రతివాడికీ నా చదువు గురించి చెప్పే నాన్న ఆ సాయంత్రం తానే అన్నం కలిపి నా మంచం పక్కన పెట్టి వెళ్లాడు. అదే ఎక్కువ బాధించింది. స్టేటస్ తీసేశాను, బోర్డు కూడా తీసేద్దామనుకున్నాను గాని నిచ్చెన దొరకలేదు. రెండు నెలలు అత్త ఇంటి వైపు వెళ్లలేదు. ఆ రోడ్డు మీద పని పడితే చుట్టు తిరిగి ఇంకో దారిన పోయేదాన్ని.

వానలు తగ్గాక నాన్న ఏదో ఇచ్చి రమ్మంటే తప్పలేదు. మలుపు తిరిగేసరికి వసారాలో అత్త. ముక్కాలిపీట మీద కూర్చుని ఉంది, ఎదురుగా బల్ల మీద గ్యాస్ పొయ్యి, పక్కన పోపుడబ్బా, కత్తిపీట, నీళ్ల బిందె. వంటిల్లంతా రోడ్డు వైపు తిరిగి కూర్చుంది. నేను మెట్ల దగ్గరికి వచ్చేసరికే టీ మరుగుతోంది. ఇదేంటత్తా అన్నాను. "నువ్వు కిటికీ ఎట్టలేకపోయేవు. పొయ్యే రోడ్డుకాడికొచ్చీసింది," అంది.

మరి ఈ ముప్పై ఏళ్లూ ఈ పని ఎందుకు చేయలేదని అడిగాను. ఆడది వీధిలో వండుతుందా అని మావయ్య ఊరుకునేవాడు కాదట. ఆయన పోయాక కూడా ఆయన మాట ఆ గోడలోనే ఉండిపోయిందట. నేను పెట్టిన కిటికీ పుణ్యమా అని రోజూ ఒక గోడ చాలక రెండో గోడ కూడా చూడాల్సి వచ్చి, విసుగెత్తి ఒక పొద్దున్న సిలిండరు దొర్లించుకుంటూ తెచ్చేసుకుందట. డిప్లొమాలో ఎవరూ నాకు చెప్పని పరిష్కారం అది, గోడకి దెబ్బ తగలకుండా అయిపోయింది. నేను టీ తాగుతూ నవ్వబోయాను గాని నవ్వు రాలేదు. ఎందుకంటే ఆ గంటసేపూ రోడ్డు మీద బస్సులు పోయాయి, చెరకు ట్రాక్టర్లు పోయాయి, స్కూలు ఆటోలు పోయాయి. ఆ ఇంటి వైపు ఎవరూ తిరగలేదు. అత్త ప్రతిదాన్నీ మలుపు నుంచి పట్టుకుని, కనుమరుగయ్యేదాకా సాగనంపి, మళ్లీ కూర కలుపుకుంది. ఆవిడ కళ్ల పడాల్సిన మంచి గాని చెడు గాని ఆ రోడ్డు మీద ఇంకేమీ మిగల్లేదని నాకు ఆ రోజే అనిపించింది.

తర్వాత నాకు పనులు దొరికాయి. విశాఖపట్నంలో పెద్ద పెద్ద ఇళ్లకి పెద్ద పెద్ద కిటికీలు పెట్టాను, కొన్ని సరైన గోడలకే. తూర్పు మేస్త్రి ఇప్పుడు లేడు. అత్తకి సుగరు ముదిరి చూపు ఆనడం లేదు. ఇప్పటికీ వసారాలోనే కూర్చుంటుంది గాని, రోడ్డు మీద పోయేది ట్రాక్టరో మనిషో చప్పుడుని బట్టే చెబుతుంది. నేను మెట్లెక్కి ముందు నిలబడ్డా ఎవులదీ అని అడిగిన రోజు ఒకటి వచ్చింది. ఆ రోజు నుంచి నేను మలుపు తిరగగానే, చేతిలో బ్యాగుతో, కళ్లజోడుతో, నడిరోడ్డు మీద నిలబడి "అత్తా, నేనే వస్తన్నాను" అని గొంతు చించుకుని అరుస్తాను. పక్కింటివాళ్లు తలుపులు తీసి చూస్తారు. అప్పటి ఆ గంభీరమైన డిజైనరమ్మ చూస్తే సిగ్గుతో చచ్చిపోయేది. నేను మెట్ల దాకా వెళ్లేసరికి అత్త టీ గిన్నె కోసం తడుముకుంటూ ఉంటుంది. అంతలా అరవాలా అని విసుక్కుంటుంది.

"నువ్వు అరవక ముందే, మలుపుకాడే సూసేన్లేవే," అంటుంది.

అవునత్తా, చూశావు అంటాను.